గగనవిహారమునకు లాప్‌టాప్ చాలునా?



విమానయానమునందు మక్కువ గల యువకులును, పైలట్ శిక్షణకు పోవలెనని కలలు గనుచున్న విద్యార్థులును, ఉద్యోగవిరమణానంతరము చిరకాలవాంఛ నొకదానిని తీర్చుకొనదలచిన పెద్దలును నేడు తరచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. ఇంటిలో నున్నట్టి, లేదా కొనదలచినట్టి లాప్‌టాప్ మీద ఫ్లైట్ సిమ్యులేటర్ నడచునా? నడచినను, బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఎ320 వంటి ప్రయాణికుల విమానములను మీట మీటకును అనుకరించునట్టి, సిమ్యులేటర్‌కు వేరుగా చేర్చుకొను ఆ బరువైన యాడ్-ఆన్ విమానములను అది మోయగలదా? ఈ ప్రశ్నకు అంగడివాడు భేషుగ్గా నడచుననియు, అనుభవజ్ఞుడైన మిత్రుడు లాప్‌టాప్ జోలికి పోక డెస్క్‌టాప్ కొనుమనియు బదులు చెప్పుదురు. రెండును తొందరపాటు సమాధానములే. నా అభిప్రాయమును ముందుగనే మనవి చేసెదను: మోయగలదు. కాని దానిని నిర్ణయించునది పెట్టెపై మెరయుచున్న గ్రాఫిక్స్ కార్డు పేరు గాదు. ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ ఎంత వడిగా, ఎంతసేపు అలయక పనిచేయగలదో, ఆ పనివలన పుట్టిన వేడిని యంత్రము ఎంత త్వరగా బయటికి నెట్టివేయగలదో, ఆ రెండు విషయములే.

కంప్యూటర్ శక్తికిని సిమ్యులేటర్ ఆకలికిని గల పోటీ నేటిది కాదు. 1975వ సంవత్సరమున అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయమందు బ్రూస్ ఆర్ట్‌విక్ అను విద్యార్థి, విమానగమనమును కంప్యూటర్ తెరపై మూడు కొలతలతో చూపుట ఎట్లన్న విషయముపై సిద్ధాంతవ్యాసము వ్రాసెను. ఆ ఆలోచనయే పెరిగి పెద్దదై, మొదట ఆపిల్ యంత్రములపైనను, 1982లో మైక్రోసాఫ్ట్ పేరిట ఐబీఎమ్ యంత్రములపైనను ఎగిరినది. ఐబీఎమ్ యంత్రమునకు ప్రతిరూపములని చెప్పుకొనుచు ఇతర సంస్థలు కంప్యూటర్లను విపణికి తెచ్చిన ఆ దినములలో, అవి నిజముగా ప్రతిరూపములు అగునో కాదో తేల్చుటకు పరీక్షకులు ఆశ్రయించిన కార్యక్రమములలో ఫ్లైట్ సిమ్యులేటర్ ఒకటి. అది నడచిన యంత్రము నమ్మదగినది, నడువనిది అనుమానింపదగినది. నాటినుండి నేటివరకు ఈ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లకు పరీక్షాధికారిగానే యున్నదనుట అతిశయోక్తి గాదు.

2006లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ కాలమున యాడ్-ఆన్ విమానములు వర్ధిల్లినవి. వానితోపాటు ఒక విచిత్రమైన బాధయు వర్ధిల్లినది. ఆ సిమ్యులేటర్ 32 బిట్ల కార్యక్రమ మగుటచేత, యంత్రములో ఎంత మెమరీ యున్నను 4 గిగాబైట్లకు మించి వాడుకొనుటకు దానికి వీలు లేకుండెను. సమగ్రమైన బోయింగ్ విమాన మొకటి, సవివరమైన విమానాశ్రయ మొకటి, మేఘములు, నగరదృశ్యములు, ఇవి యన్నియు కలిసి ఆ హద్దును తాకిన క్షణమున కార్యక్రమము కుప్పకూలెడిది. గంటల తరబడి సముద్రములు దాటి వచ్చినవాడు, రన్‌వే కనబడుచుండగా, చక్రములు నేలను తాకబోవు వేళ తన శ్రమ నంతయు కోల్పోయెడివాడు. 2017లో ఆ సిమ్యులేటర్‌కు శాఖయైన లాక్‌హీడ్ మార్టిన్ వారి ప్రీపేర్‌త్రీడీ నాలుగవ కూర్పు 64 బిట్లకు మారినప్పుడు ఈ సంకటము ఆ శాఖలో తొలగినది. 2020 ఆగస్టులో ఫ్రాన్సు దేశమందలి బోర్డో నగరమున నున్న అసోబో స్టూడియో నిర్మించిన నూతన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ వచ్చునప్పటికి మెమరీ హద్దు గతించిన కథయైనది. ఆ స్థానమున మరియొక హద్దు నిలచినది. నేటి లాప్‌టాప్ ప్రశ్న యంతయు ఆ హద్దు చుట్టునే తిరుగుచున్నది.

దానిని గ్రహించుటకు ముందు ఈ యాడ్-ఆన్ విమానముల కడుపులో ఏమున్నదో చూడవలెను. సిమ్యులేటర్‌తో పాటు లభించు చిన్న సెస్నా 172 విమానమునకు ఇంజను ఒకటి; చక్రములు ముడుచుకొనవు; పైలట్ చూడవలసిన ముఖ్యసూచికలు పాతరకములో ఆరు. ఆ విమానమును లెక్కగట్టుట నేటి ఏ ప్రాసెసర్‌కును శ్రమ కాదు. ఇక పీఎండీజీ సంస్థవారి బోయింగ్ 737లోనో, ఫీనిక్స్ సంస్థవారి ఎయిర్‌బస్ ఎ320లోనో కూర్చుండి చూడుడు. చీకటిలో, మౌనముగా నున్న విమానమున బ్యాటరీ మీట నొత్తిన తోడనే విద్యుత్తు ఏ తీగకు చేరినదో, ఏ తీగకు చేరలేదో లెక్క మొదలగును. తోకలోని చిన్న సహాయక ఇంజను రగిలి, పంపులు తిరిగి, హైడ్రాలిక్ ద్రవము చదరపు అంగుళమునకు 3000 పౌండ్ల ఒత్తిడిని అందుకొనును. జడత్వ మార్గదర్శక పరికరములు, నిజవిమానమునందువలెనే, తమ స్థానమును తాము తెలిసికొనుటకు నిమిషముల కొలది కాలము తీసికొనును. ప్రయాణమార్గమును, బరువును, గాలివేగమును మీరు టైపు చేయగా, విమానమార్గ కంప్యూటర్ ప్రతి మజిలీకిని చేరు సమయమును, అచ్చట మిగులు ఇంధనమును, ఎచ్చట దిగుట మొదలిడవలెనో ఆ బిందువును గణించి చూపును. ఒక జనరేటర్ చెడిపోయినచో ఏ తెర ఆరిపోవలెనో, ఏ పంపు నిలిచిపోవలెనో, ఏ హెచ్చరిక మ్రోగవలెనో ఆ క్రమమంతయు అందున్నది. పైలట్ల ముందున్న ఆరు తెరలలో దిక్సూచి, ఎత్తు, వేగము, పటము, ఇంజనుల స్థితి క్షణక్షణమును తిరిగి గీయబడుచుండును. ఇంత నిష్ఠతో ఒక యంత్రమును మరియొక యంత్రములో పునర్నిర్మించిన ఆ శిల్పుల శ్రమను తలచినప్పుడెల్ల నాకు గౌరవము కలుగును. బరువు ఎక్కువని దానిని నిందించుట న్యాయము కాదు. ఆ బరువే దాని విలువ.

ఈ లెక్కలన్నియు ఎంత సమయములో ముగియవలెను? తెరపై దృశ్యము సెకనుకు 30 సార్లు మారవలెనన్నచో ఒక్కొక్క దృశ్యమునకు దొరకు వ్యవధి 33 మిల్లీసెకన్లు మాత్రమే. 60 సార్లు కావలెనన్నచో అందు సగము. ఆ వ్యవధిలో గాలిలో విమానపు చలనమును, దాని యంత్రాంగమును, చుట్టునున్న ఇతర విమానములను, నేలమీది కట్టడములను లెక్కించి, ఏమి గీయవలెనో గ్రాఫిక్స్ కార్డునకు ఆజ్ఞ లీయవలెను. ఇచ్చటనే చిక్కు. ఈ పనులలో ముఖ్యభాగము ఒకదాని వెనుక నొకటిగా జరుగవలసినదే గాని పంచుకొనుటకు వీలైనది గాదు. దానిని మోయు సూత్రమునకు మెయిన్ థ్రెడ్ అని పేరు. పెండ్లియింట పనివారు పదునార్గురున్నను మంత్రము చెప్పు పురోహితు డొక్కడే యైనట్లు, ప్రాసెసర్‌లో పదునారు కోర్లున్నను ఈ సూత్రమును మోయునది ఒక్కటే. అది ముగియువరకు తక్కినవి వేచియుండవలసినదే.

ఈ కారణముచేతనే చాలమంది మోసపోవుచున్నారు. దృశ్యము తడబడుచున్నప్పుడు వారు టాస్క్ మేనేజర్ తెరచి, ప్రాసెసర్ మొత్తము శక్తిలో మూడవ వంతైనను వాడబడుట లేదని చూచి, లోపము గ్రాఫిక్స్ కార్డులో నున్నదని నిశ్చయించుకొని, మరింత ఖరీదైన కార్డు గల యంత్రమును కొనుచున్నారు. కొన్న తరువాతను ఆ తడబాటు అట్లే యుండును. సిమ్యులేటర్‌లోనే డెవలపర్ మోడ్ అను సదుపాయ మున్నది. అది తెరచినచో సెకనుకు ఎన్ని దృశ్యములు వచ్చుచున్నవో, వానిని ఆపుచున్నది మెయిన్ థ్రెడ్ అగునో గ్రాఫిక్స్ కార్డు అగునో స్పష్టముగా వ్రాసి చూపును. వేలకు వేలు ఖర్చు పెట్టుటకు ముందు ఆ ఒక్క పంక్తిని చదువుట అవసరము. పెద్ద విమానాశ్రయమున, సమగ్రమైన ప్రయాణికుల విమానములో కూర్చున్నప్పుడు అచ్చట మెయిన్ థ్రెడ్ పేరే కనబడుట పరిపాటి.

ఫీనిక్స్ వారు ఈ ఇరుకును తప్పించుకొనుటకు తెలివైన మార్గమును త్రొక్కిరి: విమానయంత్రాంగపు లెక్కలను సిమ్యులేటర్‌కు వెలుపల వేరొక కార్యక్రమముగా నడుపుచున్నారు. ఆ భారము ఇతర కోర్లపై పడును గనుక మెయిన్ థ్రెడ్‌కు ఊపిరి దొరకును. డెస్క్‌టాప్‌పై ఇది శుద్ధమైన లాభము. లాప్‌టాప్‌పై మాత్రము ఆ కోర్లు వాడుకొను విద్యుత్తు కూడ అదే చిన్న ఖజానానుండి రావలెను. లాప్‌టాప్ స్వభావ మంతయు ఇందులోనే యున్నది. అందుచేత ఈ సంగతిని కొంచెము నిదానముగా చెప్పెదను.

డెస్క్‌టాప్‌లో వాడు ఆర్‌టీఎక్స్ 4080 కార్డు 320 వాట్ల విద్యుత్తును తీసికొని పనిచేయును. దానికి 16 గిగాబైట్ల సొంత మెమరీ యున్నది. అదే పేరుతో లాప్‌టాప్‌లో నుండు కార్డు అందు దాదాపు సగముతోనో, అంతకంటె తక్కువతోనో సరిపెట్టుకొనవలెను. మెమరీ 12 గిగాబైట్లు. ఆర్‌టీఎక్స్ 4070 సంగతి ఇంకను విశేషము. డెస్క్‌టాప్‌లో 200 వాట్లు, 12 గిగాబైట్లు. లాప్‌టాప్‌లో 8 గిగాబైట్లు మాత్రమే, పైగా దానికి 35 వాట్లు మొదలు 115 వాట్ల వరకు ఎంత విద్యుత్తు నీయవలెనో ఆ లాప్‌టాప్‌ను తయారుచేయువాని ఇష్టము. కావున ఒకే పేరు గల కార్డులున్న రెండు లాప్‌టాప్‌లలో ఒకటి సన్నగా, అందముగా నుండి, రెండవది లావుగా, మొరటుగా నుండినచో, ఆ లావు వ్యర్థము గాదు. లోపలి రాగిగొట్టములకును, ఫ్యాన్లకును కావలసిన చోటది. ప్రాసెసర్లకును ఇదే న్యాయము. ఇంటెల్ వారి పేర్ల చివర యూ అను అక్షర మున్నది తక్కువ విద్యుత్తుతో ఆఫీసు పనులకై నిర్మించినది. హెచ్ అన్నది దానికంటె బలమైనది. హెచ్‌ఎక్స్ అన్నది అన్నిటికంటె బలమైనది. పదమూడవ తరపు హెచ్‌ఎక్స్ ప్రాసెసర్లు నిలుకడగా 55 వాట్లతో పనిచేయుచు, క్షణికావేశమున 157 వాట్ల వరకు పోగలవు. ఆ ఆవేశము కొలది సేపటిది. అంగడిలో అయిదు నిమిషములు చూచిన యంత్రము మీకు చూపించునది ఆ ఆవేశమునే. హైదరాబాదునుండి ఢిల్లీకి రెండు గంటలు ఎగిరినప్పుడు మీకు మిగులునది నిలుకడ మాత్రమే. ఆకాశమున ఎత్తులో పోవునప్పుడు లెక్క తేలిక. విమానాశ్రయమునకు దిగునప్పుడు నగరము, కట్టడములు, ఇతర విమానములు ఒక్కుమ్మడిగా మీదపడును. తడబాటును ఏమాత్రము సహింపలేని ఘట్టమును, యంత్రముపై భారము మిక్కుటముగా నుండు ఘట్టమును ఒకటే యగుట ఈ విద్యలోని కాఠిన్యము.

మన ప్రాంతమున దీనికి తోడు వేసవి. లాప్‌టాప్ ప్రాసెసర్ సాధారణముగా 100 డిగ్రీల సెంటీగ్రేడు సమీపించినప్పుడు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు దానికిని గాలికిని నడుమ నున్న అంతరము 75 డిగ్రీలు. విజయవాడలోనో, రామగుండములోనో వైశాఖమాసపు మధ్యాహ్నమున గది 40 డిగ్రీలున్నచో ఆ అంతరము 60 మాత్రమే. వేడి బయటికి పోవు వేగము ఆ అంతరమును బట్టి యుండును గనుక, అదే యంత్రము, అదే ఫ్యానులతో, దాదాపు అయిదవవంతు చల్లబరచు శక్తిని కోల్పోయినదన్నమాట. చలిదేశములలో కూర్చుండి పరీక్షించినవారు ఇచ్చిన అంకెలు మన యింట తప్పుటకు కారణ మిది. శీతలయంత్ర మున్న గదిలో ఆడుకొనువారికి ఈ నష్టము లేదు. లేనివారు లాప్‌టాప్ వెనుక భాగమును కొంచెము ఎత్తుగా నిలిపి, అడుగున గాలి యాడనిచ్చి, పరుపుమీదను దిండుమీదను పెట్టక, ఏడాదికొకసారి యైనను ఫ్యాన్లలోని దుమ్మును తీయించినచో కోల్పోయినదానిలో కొంత తిరిగి దొరకును. విద్యుత్తు పోయినప్పుడు బ్యాటరీ ఉన్నదని ధైర్యము చాలదు. బ్యాటరీపై నడుచునప్పుడు గ్రాఫిక్స్ కార్డు తన శక్తిలో చాలభాగమును వదలుకొనును. కావున యంత్రముతో వచ్చిన బరువైన ఛార్జరునే తగిలించి యుంచవలెను.

మెమరీ విషయము త్వరగా చెప్పివేయవచ్చును. 2024లో వచ్చిన నూతన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌కు తయారీదారులే సిఫారసు చేసిన ర్యామ్ 32 గిగాబైట్లు, గ్రాఫిక్స్ కార్డు మెమరీ 8 గిగాబైట్లు; సర్వోత్తమ మన్నచో 64, 12. యాడ్-ఆన్ విమానములు వాడదలచిన వానికి 16 గిగాబైట్ల ర్యామ్ ఇరుకే. గ్రాఫిక్స్ కార్డు మెమరీ నిండి పొరలినచో దృశ్యము నెమ్మదించుట గాదు, ఆగి ఆగి నడచును. అట్టి సమయమున, వస్తువుల పైపొరపై నుండు చిత్రములైన టెక్స్‌చర్ల నాణ్యతను ఒక మెట్టు తగ్గించినచో చాలును, కంటికి నష్టము స్వల్పము.

మెమరీకంటె సెట్టింగులను ఎరిగియుండుట ముఖ్యము. టెరైన్ లెవల్ ఆఫ్ డీటైల్ అనునది దూరమందున్న నేలను ఎంత సవివరముగా చూపవలెనో నిర్ణయించును. భారము ప్రాసెసర్‌పై పడునది దీనివలననే ఎక్కువ. 200 దగ్గర నుంచినవారు 100కు దించి చూచినచో ప్రాణము లేచివచ్చినట్లగును. విమానాశ్రయములోని వాహనములను, కృత్రిమ విమానముల రద్దీని తగ్గింపవచ్చును. కాక్‌పిట్ తెరలు ఎంత తరచుగా మారవలెనో తెలుపు మీటను మధ్యమస్థాయిలో నుంచినను విమానము నడుపుటకు లోపము రాదు. డీఎల్‌ఎస్‌ఎస్ అను సదుపాయమును అందరును పొగడుదురు. దృశ్యమును చిన్నదిగా గీసి పెద్దది చేయుటవలన అది గ్రాఫిక్స్ కార్డు భారమును తగ్గించు మాట నిజమే గాని, కాక్‌పిట్ తెరలలోని చిన్న అంకెలను మసకబార్చును. పర్వతముల అందము చూడదలచినవానికి అది హితము. అంకెలు చదివి విమానము నడుపువానికి అంకెలే ప్రాణము గనుక, కార్డు మోయగలిగినంతవరకు దానిని వాడకుండుటయే మేలని నా నిశ్చయము.

అన్నిటికంటె మేలైన ఉపాయము దృశ్యముల సంఖ్యను సెకనుకు 30 వద్ద బిగించుట. 60 కావలెనన్న పట్టుదల ఇచ్చట అక్కరలేదు. ప్రయాణికుల విమానము నెమ్మదిగా వంగును, నెమ్మదిగా దిగును. దానికి కావలసినది సంఖ్య గాదు, సమత. 25కును 50కును నడుమ ఊగిసలాడు దృశ్యముకంటె చలింపని 30 ఎంతయో సుఖము. లాప్‌టాప్‌లో దీనివలన మరియొక లాభమున్నది: గ్రాఫిక్స్ కార్డును ప్రాసెసర్‌ను చల్లబరచు గొట్టములు సాధారణముగా ఉమ్మడివి గనుక, కార్డు శ్రమ తగ్గినచో ఆ చల్లదనము ప్రాసెసర్‌కు సంక్రమించును; దిగునప్పుడు కావలసిన బలము దానిలో మిగులును.

ప్రాసెసర్లలో క్యాష్ అను అతిసమీప మెమరీ పెద్దదిగా నున్నవి ఈ సిమ్యులేటర్లకు విశేషముగా కలసివచ్చుచున్నవి. ఏఎమ్‌డీ సంస్థ 2023లో 128 మెగాబైట్ల క్యాష్‌తో 7945హెచ్‌ఎక్స్3డీ అను ప్రాసెసర్‌ను లాప్‌టాప్‌లకే నిర్మించినది. అట్టి యంత్రము దొరికి, కొనగల శక్తి యున్నచో రెండవ ఆలోచన అక్కరలేదు. ఆపిల్ లాప్‌టాప్‌లు గలవారికి మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ నేరుగా నడువదు. వారికి ఎక్స్-ప్లేన్ 12 అను మరియొక సిమ్యులేటర్ కలదు, అది ఆ యంత్రములపై స్వభావసిద్ధముగా నడచును. ఐనను మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదన్న సంగతి మరువరాదు.

ఇక తీర్పు. ఒక్కచోటనే స్థిరముగా నుండువారు అదే సొమ్ముతో డెస్క్‌టాప్ కొనినచో అధికశక్తి లభించును. ఇందు సందేహము లేదు. హాస్టల్ గదిలో నుండు విద్యార్థికి, ఉద్యోగరీత్యా ఊళ్లు మారువారికి లాప్‌టాపే శరణ్యము. వారు నిరుత్సాహపడవలసిన పని లేదు. హెచ్‌ఎక్స్ తరగతి ప్రాసెసర్, పూర్తి విద్యుత్తు నీయబడిన 8 గిగాబైట్ల గ్రాఫిక్స్ కార్డు, 32 గిగాబైట్ల ర్యామ్, ఒక టెరాబైటు ఎస్ఎస్‌డీ గల లాప్‌టాప్ నేటి ప్రయాణికుల యాడ్-ఆన్ విమానములను 30 దృశ్యముల నిలుకడతో చక్కగా నడుపును. ఇంట ఈ విధముగా గడపిన గంటలు పైలట్ లైసెన్సు లెక్కలోనికి రావు. ఐనను ఇంజను ప్రారంభించు క్రమమును, విమానమార్గ కంప్యూటర్‌ను, చెక్‌లిస్టును చేతికి అలవరచుకొని శిక్షణకు పోవు విద్యార్థికిని, ఏమియు చూడక పోవువానికిని చాల భేదమున్నది. మధ్యతరగతి యింట బిడ్డ కొరకు తండ్రి ఈ ఖర్చు పెట్టుట వృథా యని నేననను.

లాప్‌టాప్ ఇదివరకే యున్నవారికి నా మనవి యొకటే. యాడ్-ఆన్ విమానమునకు డబ్బు చెల్లించుటకు ముందు, ఫ్లైబైవైర్ బృందమువారు ఉచితముగా నిచ్చుచున్న ఎ32ఎన్ఎక్స్ విమానమునైనను, ఎక్స్-ప్లేన్ గలవారు జీబో వారి ఉచితమైన 737నైనను దింపుకొని, మీ గదిలో ఎక్కువ వేడిగా నుండు వేళ చూచి, రద్దీగల పెద్ద విమానాశ్రయమున కొకదానికి గంటసేపు ఎగిరి దిగుడు. దిగునప్పుడు 30 నిలిచినచో మీ యంత్రము చాలును. తరువాత పీఎండీజీ వారిదైనను, ఫీనిక్స్ వారిదైనను నిశ్చింతగా కొనవచ్చును. నిలువనిచో ముందు సెట్టింగులు తగ్గించి మరల ఎగురుడు. అప్పటికిని నిలువనిచో ఉచిత విమానముతోనే సాధన చేయుచు, కొత్త యంత్రము కొనునాడు కార్డు పేరడుగుటకు ముందు దానికి ఎన్ని వాట్లు ఇచ్చినారో అడుగుడు.